ఎల్లున్న

వకుళది గీతలు గీసే ఉద్యోగం. విశాఖపట్నంలో ఉత్తర తీర గ్రంథాలయం రెండో అంతస్తులో, వ్యాపార విభాగంలో కూర్చుని, ఏ కంపెనీలో ఎవరు డైరెక్టరో, ఎప్పుడు చేరారో, ఎందుకు తప్పుకున్నారో, అంతకుముందు ఇంకెక్కడ వెలగబెట్టారో డేటాబేసుల్లోంచి తవ్వి తీస్తుంది. ఇద్దరు ఒకే బోర్డులో కూర్చున్నారంటే తెర మీద వాళ్ళ పేర్ల మధ్య ఒక గీత పడుతుంది. వియ్యంకులైతే ఇంకో గీత. ఇద్దరి కంపెనీలకీ ఒకటే చిరునామా ఉంటే మరొకటి. బయట ఒకరి మొహం ఒకరు ఎరగనట్టు తిరిగే పెద్దమనుషులు ఆ తెర మీదికొచ్చేసరికి ఒకే పంక్తిలో భోంచేసేవాళ్ళని తేలిపోతుంది. విలేకరులు, లాయర్లు, పరిశోధక విద్యార్థులు ఆ గీతల కోసం ఆమె బల్ల చుట్టూ తిరుగుతూ ఉంటారు.

ఈసారి అడిగింది మాత్రం విచారణ కమిషన్.

ఉప్పరమెట్టలో వజ్రనాభ కెమికల్స్ వారి మొదటి ట్యాంకుని చల్లబరిచే గొట్టం వేసవిలో పగిలింది. విషవాయువు ఊరి మీద పడింది. పోయినవాళ్ళు పోయారు, బతికినవాళ్ళలో చాలామందికి గొంతు పోయింది. పక్కనే రెండో ట్యాంకు ఉంది. దానికీ అలాంటి గొట్టమే, అంతే పాతది. దాన్ని మళ్ళీ నడుపుకోనివ్వమని కంపెనీ అడుగుతోంది, సోమవారం కమిషన్ తేల్చి చెప్పాలి. కంపెనీ వాదనంతా ఒక్క మనిషి మీద నిలబడి ఉంది. ఆయన పేరు విశ్వపతి, రిటైరైన కెమిస్ట్రీ ప్రొఫెసరు, బోర్డులో స్వతంత్ర డైరెక్టరు. అంటే యజమాని యశోధరరావుతో ఏ సంబంధమూ లేని మనిషన్నమాట. గొట్టం పాడైందని తెలియగానే మార్చడానికి తాను పట్టుబట్టి తీర్మానం చేయించానని, ఈలోపే అది పగిలిందని ఆయన ప్రమాణం చేసి చెప్పాడు. అది నిజమైతే జరిగింది దురదృష్టం. ఆ ఇద్దరూ ముందే కూడబలుక్కున్నవాళ్ళయితే మాత్రం దానికి వేరే పేరుంది, రెండో ట్యాంకు తాళం తియ్యకూడదు.

వకుళ రోజుల తరబడి వెతికింది. విశ్వపతి ఇంటిపేరు ముందు పెట్టి, వెనక పెట్టి, రకరకాల స్పెల్లింగులతో, భార్య పుట్టింటి పేరుతో, అల్లుడి పేరుతో కూడా వెతికింది. వజ్రనాభ బోర్డులో చేరకముందు ఆయనకీ యశోధరరావుకీ మధ్య ఒక్క గీతైనా పడలేదు. ఈ ఊళ్ళో అంతకాలం పెద్దమనిషిగా బతికినవాడికి ఎక్కడో ఒకచోట ఏదో ఒక గీత ఉండాలి. ఇంత శుభ్రంగా ఉండటమే ఆమెకి నచ్చలేదు.

“కాగితాలు కడిగేశారండి,” అన్నాడు రత్నం. “నోరు కడుక్కోలేరు కదా. ఊతకి ఇద్దాం.”

రత్నం భాషాశాస్త్రవేత్త. గ్రంథాలయం కింది అంతస్తులో పాత స్టోర్‌రూమ్ అతని ప్రయోగశాల, ఊత అతను కట్టిన యంత్రం. ఊతపదం లేని మనిషి ఉండడు. ఒకాయన మాటకి ముందు “అంటే ఏమిటంటే” అంటాడు, ఇంకొకావిడ మాటకి చివర “తెలిసిందా” అంటుంది. కలిసి మసిలేవాళ్ళకి ఒకరివి ఒకరికి జలుబులా అంటుకుంటాయి. ఎవరి మాట ఎవరికి పాకిందో, ఎన్నాళ్ళ సహవాసానికి పాకిందో గొంతులు విని పసిగట్టడమే ఊత పని. అది పుట్టిన కొత్తల్లో రత్నం వకుళ గొంతు దానికి వినిపిస్తే, ఈవిడకి “అద్గదీ” అనే మాట ఈమధ్యే రత్నం దగ్గర అంటుకుందని చెప్పింది. తను చచ్చినా అలా అననని వకుళ కొట్టిపారేసింది. సాయంత్రం క్యాంటీన్‌లో వేడి గారె కొరికి “అద్గదీ” అని నాలుక కరుచుకుంది. రత్నం నవ్వలేక చచ్చాడు.

కొత్త చట్టం పుణ్యమా అని పెద్ద కంపెనీల బోర్డు సమావేశాల ఆడియో అంతా గ్రంథాలయంలో జమ అవుతోంది. ఆ ఆడియో ఎవరైనా వింటారని చట్టం చేసినవాళ్ళే అనుకోలేదు. వినాల్సిన అవసరం లేకుండా సాఫ్ట్‌వేరు రాసిపెట్టిన మినిట్స్, అంటే మాటల, తీర్మానాల చిట్టా, పక్కనే ఉంటాయి, అందరూ అవే చదువుతారు. ఊతకి మాత్రం చదవడం రాదు, వినడమే వచ్చు.

శుక్రవారం పొద్దున్న అది గీత గీసింది. నేరుగా కాదు. యశోధరరావు నుంచి ఒకటి, విశ్వపతి నుంచి ఒకటి వచ్చి మధ్యలో ఒక ఖాళీ గుండ్రం దగ్గర కలిశాయి. విశ్వపతి ఆ బోర్డులో కూర్చున్న మొట్టమొదటి రోజే ఆయన నోట్లో యశోధరరావు మాటలున్నాయి. ఆ మాటలు ఇద్దరికీ ఎవరో మూడో మనిషి దగ్గర అంటుకున్నాయి. ఆ మూడో గొంతు గ్రంథాలయంలో ఉన్న ఏ ఆడియోలోనూ లేదు.

రత్నం చేతులు నలుపుకున్నాడు. ఆ గుండ్రంలో ఒక్క పేరు పడితే చాలు, సోమవారం నాటికి పనైపోయినట్టే. మాటలు వింటూ ఉండమని హెడ్‌ఫోన్స్ వకుళ చేతికిచ్చి టీ తాగడానికి వెళ్ళాడు.

అంటుకున్న మాటల్లో మొదటిది “చిన్న విషయం”. ఆ ఇద్దరికీ ప్రతిదీ చిన్న విషయమే. రెండోది వాక్యం మధ్యలో గుక్క తిప్పుకునే తీరు. వకుళ రెండూ విని పక్కన పెట్టింది. మూడోది ఊతకే అర్థం కాలేదు, తెలియని పదం అని చూపించి ఊరుకుంది. అది ప్రమాదానికి ముందురోజు జరిగిన సమావేశం. ఇంజనీరు ఒకాయన గొట్టం సంగతి ఎత్తి, ఇక అతుకులు వేసి లాభం లేదు, వెంటనే మార్చాలంటున్నాడు. తర్వాత యశోధరరావు గొంతు తాపీగా వినపడింది.

“చిన్న విషయం. గొట్టం ఎల్లున్న మారుద్దాం.”

“ఎల్లున్న,” అన్నాడు విశ్వపతి. ఇద్దరూ సన్నగా నవ్వారు.

వకుళ ఆడియో ఆపింది. వెనక్కి జరిపి మళ్ళీ వింది. మినిట్స్ తెరిచి చూసింది. గొట్టాన్ని ఎల్లుండి మార్చాలని తీర్మానించినట్టు అందులో చక్కగా ఉంది. పత్రికలన్నీ ఆ వాక్యాన్నే పట్టుకుని, గొట్టం ఇంకొక్కరోజు ఆగి ఉంటే ఊరు దక్కేదే అని కంపెనీ మీద జాలిపడ్డాయి కూడా. తెలియని మాట వినపడితే దానికి దగ్గరగా ఉన్న తెలిసిన మాట రాసేయడం ఆ సాఫ్ట్‌వేరుకి అలవాటు. ఎల్లున్న అనే మాట తెలుగులో లేదు. ఏ నిఘంటువు తిరగేసినా దొరకదు.

వకుళ ఇంట్లో మాత్రం ఉంది.

*

కూతురు ఇరావతికి మూడేళ్ళప్పుడు మొన్నకీ ఎల్లుండికీ తేడా తెలిసేది కాదు. రెంటినీ కలిపి ఎల్లున్న అనేది. ఎల్లున్న జూకి వెళ్ళామా, వెళ్తామా అని అడిగేది. తండ్రి కిరీటికి ఆ మాట ఎంత ముద్దొచ్చిందంటే, పిల్ల పెద్దదై ఎల్లుండి అనడం నేర్చుకున్నా అతను వదల్లేదు. వెనకా లేని ముందూ లేని రోజు కదా, ఎప్పటికీ చెయ్యని పనులన్నీ ఆ రోజుకి వాయిదా పడేవి. బీరువా తలుపు ఎల్లున్న బాగుచేయించాలి. కిరీటి మేనత్తగారింటికి ఎల్లున్న వెళ్ళాలి. ఇరాకి ఇప్పుడు తొమ్మిదేళ్ళు. లెక్కలు ఎల్లున్న చేస్తానని తండ్రితో అంటుంది, ఇద్దరూ పడీపడీ నవ్వుకుంటారు. గడప దాటాల్సిన పనే లేని మాట అది.

కిరీటి ఓడలు నడిపే ఒక చిన్న కంపెనీలో సెక్రటరీ, ఆడియో చట్టం దాని దాకా రాదు. బోర్డు సమావేశాలు ఏర్పాటు చెయ్యడం, మినిట్స్ సరిచూడటం అతని వృత్తి. వకుళకి తెలిసినంతలో వజ్రనాభతో అతనికి ఏ లావాదేవీ లేదు. డేటాబేసులో అతని పేరు చుట్టూ ఉన్న గీతలన్నీ వకుళకి కంఠతా వచ్చు, పెళ్ళికి ముందే చూసుకుంది మరి.

ఆ సాయంత్రం ఆమె ఇంటికొచ్చేసరికి కిరీటి పెసరట్లు పోస్తున్నాడు. ఇరా పొయ్యి గట్టు పక్కన నిలబడి అల్లం ముక్కలు ఏరి పారేస్తోంది. రోజూ ఉండే ఇల్లే, రోజూ ఉండే మనుషులే. వకుళ మాత్రం మొగుడు మాట్లాడుతుంటే మాటలు వినడం మానేసి గుక్కలు వింటోంది. పెనం మాడితే చిన్న విషయం అన్నాడు. పాలవాడు రాలేదంటే చిన్న విషయం అన్నాడు. ఇన్నేళ్ళుగా అంటున్నాడో, ఇవాళే తనకి వినపడుతోందో ఆమె తేల్చుకోలేకపోయింది.

ఉప్పరమెట్ట పని ఎంతవరకు వచ్చిందని అతనే అడిగాడు. ఎప్పుడూ అడగడు. విశ్వపతిగారి మీద ఏమీ దొరకలేదని ఆమె అబద్ధమాడింది. అతని భుజాలు కొద్దిగా దిగాయి. అట్టు తిరగేసి, పాపం పెద్దాయన మంచివాడని విన్నానన్నాడు.

ఆదివారం భీమిలి బీచికి వెళ్దామని ఇరా గునిసింది. “ఎల్లున్న వెళ్దాం,” అన్నాడు కిరీటి నవ్వుతూ. పిల్ల మూతి ముడిచింది. వకుళ కంచం పక్కకి జరిపింది. మాటదేముంది, గాలిలో పోయేది, ఎవరో ఎక్కడో విని ఉంటారని తనకి తనే చెప్పుకుంది. కిరీటి ఏ పార్టీలోనో పిల్ల ముచ్చట చెప్పి ఉంటాడు, అది ఆనోటా ఈనోటా పడి అక్కడిదాకా చేరి ఉంటుంది. అలా అయితే బాగుండునని ఆమె ఎంతగానో కోరుకుంది.

*

శనివారం గ్రంథాలయం మెట్ల మీద అప్పలనరసమ్మ కూర్చుని ఉంది. ఉప్పరమెట్ట మనిషి. కమిషన్ కాగితాలు ఇక్కడ తయారవుతున్నాయని ఎవరు చెప్పారో గానీ, బస్సెక్కి వచ్చి ఊరికే కూర్చుని పోతుంటుంది. వకుళని చూసి లేచి నిలబడింది. మాట్లాడితే ఈల వేసినట్టు గాలి తప్ప మాట రాదు, దగ్గరగా వంగి వినాలి.

“సోమారం ఏటవుద్దమ్మా? తెరుస్తారా అది?”

ఊరు ఖాళీ చేసి వెళ్ళరాదా అంది వకుళ, ఏమనాలో తెలియక. ఎక్కడికెళ్ళమంటావన్నట్టు నరసమ్మ చెయ్యి తిప్పింది. వకుళ ఆ చేతిని తప్పించుకుని లోపలికి నడిచింది. సిగ్గుతో ఆమె మొహం కాలిపోయింది.

రత్నం పొద్దున్నుంచీ ఖాళీ గుండ్రం కోసం గొంతులు వేటాడుతున్నాడు. క్లబ్బుల్లో ఉపన్యాసాలు, వ్యాపారుల సన్మాన సభలు, దొరికిన ప్రతి ఆడియో ఊతకి పెడుతున్నాడు. ఏదీ కలవలేదు. అతను పక్క గదికి వెళ్ళేదాకా ఆగి వకుళ తన ఫోను తీసింది. కిరీటి పంపిన వాయిస్ మెసేజ్ ఒకటి వెతికింది. వస్తూ కరివేపాకు తెస్తున్నాననీ, ఇంకేమైనా చిన్న విషయాలుంటే ఇప్పుడే చెప్పమనీ, తర్వాత తనని అనవద్దనీ ఉంది అందులో. ఆమె దాన్ని ఊతకి ఇచ్చింది. ఇస్తున్నప్పుడు కూడా, కలవకపోతే రత్నానికి క్యాంటీన్‌లో గారెలు పెట్టిస్తానని మొక్కుకుంది.

గుండ్రం నిండింది. రెండు గీతలూ దానికి అతుక్కున్నాయి. ఊతకి అసలే అత్యాశ. అది అక్కడితో ఆగకుండా, మొదటి ప్రయోగాలప్పటి వకుళ గొంతుతో కూడా పోల్చి చూసి, ఆమె నుంచి కిరీటికి, కిరీటి నుంచి ఆమెకి అటూ ఇటూ తిరిగే గీతలు బోలెడన్ని గీసేసింది. ఆమె కాపురమంతా తెర మీద ఉంది.

వెనక అలికిడైంది. రత్నం గుమ్మంలో నిలబడి ఉన్నాడు. తెర చూశాడు, ఆమె మొహం చూశాడు.

“నేనేం చూళ్ళేదండి,” అన్నాడు. “చెరిపేస్తే చెరిపెయ్యండి. మిషన్ తప్పు చెప్పిందని రాసేద్దాం. నా పనేగా పోద్ది, పోనీండి.”

పదేళ్ళు నిద్రాహారాలు మాని కట్టిన యంత్రం అది. దాన్ని అంత తేలిగ్గా వదిలేస్తానంటుంటే వకుళకి ఏడుపొచ్చింది. రేపు సాయంత్రం దాకా అలాగే ఉంచమని చెప్పి బయటపడింది.

*

ఆదివారం ఇరాని పక్కింటివాళ్ళ పిల్లలతో ఆడుకోమని పంపి వకుళ తలుపు చేరవేసింది. కిరీటి ఇస్త్రీ చేసుకుంటున్నాడు. ఆమె చుట్టూ తిప్పి మాట్లాడలేదు. యశోధరరావు నోట ఎల్లున్న విన్నానంది.

కిరీటి ఇస్త్రీపెట్టె నిలబెట్టాడు. కాదనలేదు. కాదంటే బాగుండునని ఆమెకి ఆ క్షణంలో కూడా ఆశ ఉంది.

సంగతంతా అతనే చెప్పాడు. యశోధరరావుకి తన మాట వినే స్వతంత్ర డైరెక్టరు ఒకడు కావాల్సి వచ్చాడు. ఏ డేటాబేసులోనూ గీత పడని మనిషి అయ్యుండాలి. ఎవరికి గీత పడుతుందో, ఎవరికి పడదో పెళ్ళాం పని చూసి చూసి కిరీటికి బాగా తెలుసు. విశ్వపతిని వెతికి పట్టుకున్నది అతనే. భీమిలిలో ఒక అతిథిగృహంలో ముగ్గురూ కలిసేవారు, బోర్డులో ఎవరు ఏం మాట్లాడితే మినిట్స్ అందంగా వస్తాయో అతను వాళ్ళకి నేర్పేవాడు. అందుకు బదులుగా వచ్చే ఏడు అతన్ని బోర్డులోకి తీసుకుంటారు. ఎన్నాళ్ళని ఇంకొకళ్ళ మాటలు రాస్తూ బతకమంటావు అన్నాడు.

“మరి మన ఇంటి మాట వాళ్ళకెందుకు చెప్పావు?”

“నవ్వులాటకి చెప్పాను వకుళా. ఇంట్లో డిక్టేషన్ పెడితే సాఫ్ట్‌వేరు ప్రతిసారీ ఎల్లుండి అని రాసుకునేది. అదే చెప్పాను. యశోధరరావుకి తెగ నచ్చింది. చేస్తామన్నట్టు మినిట్స్‌లో ఉంటుంది, చెయ్యక్కర్లేదు. గోడకి సున్నాలూ, క్యాంటీనూ, ఇలాంటి వాటికి వాడతారనుకున్నాను. గొట్టాలకి వాడతారని నాకేం తెలుసు?”

“వాడారని ఎప్పుడు తెలిసింది?”

అతను ఇస్త్రీపెట్టె తీగ చుట్టబెట్టాడు. “మర్నాడే,” అన్నాడు.

వేసవి నుంచీ ఇతను అట్లు పోశాడు, పిల్ల జడలు వేశాడు, టీవీలో ఉప్పరమెట్ట వార్తలొస్తే చానెల్ మార్చాడు. అన్నీ తెలిసి పక్కన పడుకుని నిద్రపోయాడు. ఆమెకి అతని మీద కోపం కంటే ముందు అసహ్యం వేసింది.

ఇది బయటపెడితే ఏమవుతుందో ఆలోచించుకోమన్నాడు కిరీటి. అతను జైలుకి పోతాడు. ఇరాని బళ్ళో ఏమంటారు? రేపు పెద్దయ్యాక తల్లిని ఏమంటుంది? పోయినవాళ్ళు ఎలాగూ తిరిగిరారు. రెండో ట్యాంకు సంగతంటావా, గొట్టం మారుస్తామని తనకి గట్టిగా మాటిచ్చారు.

“ఎప్పుడు మారుస్తామన్నారు?” అంది వకుళ.

కిరీటి చూపు ఆమెని దాటి తలుపు మీద ఆగింది. తలుపు దగ్గర ఇరా నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో, ఎంత విందో ఇద్దరికీ తెలియదు. చేతిలో షటిల్ బ్యాటు పట్టుకుని తండ్రినే చూస్తోంది.

సాయంత్రం వకుళ రత్నానికి ఫోను చేసి నివేదిక పంపెయ్యమంది. ఎల్లున్న పుట్టింది తమ ఇంట్లోనని తన సంతకంతో ఒక పేరా కూడా చేర్చింది. రుజువు కోసం పిల్ల చిన్నప్పటి వీడియోలు తెరవబోతే ఫోనులో ఒక్కటీ లేదు. కంప్యూటర్‌లోనూ లేవు. కిరీటి మధ్యాహ్నమే అన్నీ తుడిచేశాడు. తప్పటడుగులు, మొదటి పుట్టినరోజు, జూలో నెమలిని చూసి వేసిన కేకలు, అన్నీ పోయాయి. వకుళ వంటింట్లోకి వెళ్ళి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

*

సోమవారం కమిషన్ ముందు కిరీటి నిబ్బరంగా నిలబడి, అటువంటి మాట తమ ఇంట్లో ఎవరూ అనగా వినలేదన్నాడు. తర్వాత కంపెనీ లాయరు లేచాడు. ఎల్లున్న అన్నది ఎల్లుండికి యాస మాత్రమే, నాలుక మడతపడటం నేరం కాదు, ఒక యంత్రం చెప్పిందని పెద్దమనుషులని దోషులని చేస్తారా అని నిలదీశాడు. భార్యాభర్తల తగువు తీర్చుకోవడానికి ఇది వేదిక కాదని కూడా చురక వేశాడు. వెనక బెంచీల్లో ఉప్పరమెట్ట వాళ్ళు కదలకుండా కూర్చున్నారు.

కమిషన్ పెద్ద జస్టిస్ మందాకిని వకుళ రాసిన పేరా మళ్ళీ చదివారు. ఆ మాట పుట్టింది పాప నోట్లో అంటున్నారు కాబట్టి పాప గొంతు వింటే తేలిపోతుందన్నారు. పిల్లని అందరి ముందుకూ లాగడం ఇష్టంలేక తన గదిలోకే పిలిపించారు. వకుళ, రత్నం, కంపెనీ లాయరు మాత్రం లోపలికి వెళ్ళారు. కిరీటిని బయటే ఉండమన్నారు. బల్ల మీద మైకు, దాని పక్కన ఊత తెర, ఓ మూల రాసుకునే గుమాస్తా. ఇరా పెద్ద కుర్చీలో ముందుకి జరిగి కూర్చుంది. కాళ్ళు నేలకి ఆనలేదు.

జస్టిస్ ఆ అమ్మాయిని బడి గురించి, స్నేహితుల గురించి అడిగారు. ఇరా అన్నిటికీ వినయంగా జవాబు చెప్పింది. ఇవాళ సోమవారం కదా, బుధవారాన్ని ఏమంటామని అడిగారు.

“ఎల్లుండి,” అంది ఇరా. తరగతిలో పద్యం అప్పజెప్పినట్టు ప్రతి అక్షరం విడివిడిగా పలికింది.

“చిన్నప్పుడు ఇంకోలా అనేదానివట కదమ్మా?”

“లేదండీ. ఎప్పుడూ ఎల్లుండే అనేదాన్ని.”

ఊత తెర మీద పోలిక లేదని వచ్చింది. కంపెనీ లాయరు కాగితాలు సర్దుకున్నాడు. వకుళకి ఏం జరిగిందో అర్థమైంది. నాన్నని కాపాడుకోవడానికి పిల్ల నిన్నట్నుంచీ లోలోపల వల్లెవేసుకుంది. తన కూతురు అబద్ధమాడుతుంటే ఆమెకి కోపం రాలేదు, దాన్ని గుండెలకి హత్తుకోవాలనిపించింది. ఇక్కడితో ఊరుకుంటే చాలు. తల్లి తన పని తాను చేసింది, యంత్రం కలవలేదంది, ఎవరి తప్పూ లేదు. ముగ్గురూ ఇంటికెళ్ళిపోవచ్చు. రెండో ట్యాంకు కింద ఎవరు పడుకుంటారో తనకి కనపడదు కూడా.

జస్టిస్ ఆమె వైపు తిరిగారు. “ఇది కోర్టు కాదు. భర్త విషయంలో మిమ్మల్ని చెప్పి తీరాలని నేను బలవంతపెట్టను. చెప్పదలుచుకుంటేనే చెప్పండి. మీ ఇంట్లో ఎల్లున్న అంటే ఎప్పుడు?”

ఇరా తల్లి చెయ్యి పట్టుకుంది. గట్టిగా నొక్కింది. వకుళ కూతురి వైపు చూడలేదు, చూస్తే చెప్పలేనని ఆమెకి తెలుసు.

“ఎప్పుడూ కాదండి,” అంది. “ఎల్లున్న చేద్దాం అన్నామంటే ఆ పని ఇక ఎప్పటికీ చెయ్యబోమని అర్థం. మా ఇంట్లో ముగ్గురికీ తెలుసు. ఇప్పుడు కూడా పాప వాళ్ళ నాన్న కోసమే మార్చి చెప్పింది.”

ఇది ఒక భార్య మాట తప్ప ఏ రుజువూ లేదని లాయరు అభ్యంతరం చెబుతున్నాడు. అతని మాట పూర్తి కాలేదు. ఇరా చెయ్యి విడిపించుకుంది. కళ్ళ నిండా నీళ్ళు.

“నీతో మాట్లాడతాను,” అంది తల్లితో. “ఎల్లున్న మాట్లాడతాను.”

మైకు ఆపలేదు ఎవరూ. ఊత తెర మీద పిల్ల దగ్గర మొదలై తండ్రి మీదుగా ఆ ఇద్దరి దాకా గీత పడింది. రత్నం దాన్ని చూసి తల దించుకున్నాడు. రెండో ట్యాంకు తెరవడానికి వీల్లేదని జస్టిస్ గుమాస్తా చేత రాయిస్తున్నారు. ఆ మాట కోసమే వకుళ ఇంతదూరం వచ్చింది గానీ, అది ఆమె చెవికెక్కలేదు. ఇరా కుర్చీ దిగి, తలుపు తోసుకుని, తండ్రి కూర్చున్న బెంచీ వైపు నడిచింది.